నాలుగో అంతస్తులో ఇంటి వీరుడు

రాజమహేంద్రవరంలో తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి గోదావరి గట్టుదాకా నడిచినవాళ్ళకు ఈ ఊరు ఒకటి కాదనీ, రెండనీ బోధపడుతుంది. మొదటిది బస్సులూ, బ్యాంకులూ, బట్టల దుకాణాలూ, కాన్వెంటు బళ్ళూ ఉన్న ఊరు. అది ఏడింటికి గాని కళ్ళు నులుముకోదు. రెండోది పసుపూ, కుంకుమా, వేపమండలూ, నిమ్మకాయలూ ఉన్న ఊరు. అది సూర్యుడికంటె ముందే లేచి, తన పనులన్నీ చక్కబెట్టుకుని, మొదటి ఊరు లేచేవేళకు ఏమీ ఎరగనట్టు తలుపు చేరవేసుకుంటుంది.

మేముండేది దానవాయిపేటలో, ఒక అయిదంతస్తుల మేడలో నాలుగో అంతస్తు. అక్కడినుంచి గట్టుకు రోజూ నడుస్తాను. దారిలో ఒక కొత్త మేడ లేస్తోంది. దాని పైనుంచి దిష్టిబొమ్మ నాలిక చాచి వీధిని చూస్తూ ఉంటుంది. లోపల లిఫ్టు బిగించే కుర్రవాడు ఇంజనీరింగు చదివినవాడే. అయినా పని మొదలుపెట్టేముందు నిమ్మకాయ కోసి, రెండు చెక్కలకూ కుంకుమ అద్ది, గుమ్మానికి అటూ ఇటూ పెడతాడు. మూడు వీధులు కలిసేచోట ఎవరో రాత్రి దిగదుడిచి పారబోసిన ఎర్రనీళ్ళు ఉంటాయి. స్కూటరు మీద పోతూన్న ఉద్యోగస్థురాలు వాటిని చూసి, తొక్కకుండా బండి పక్కకు తిప్పుకుంటుంది. ఆ అమ్మాయిని ఆపి "ఇవన్నీ నమ్ముతావా తల్లీ?" అని అడిగితే "అబ్బే, లేదండీ" అనే అంటుంది. తొక్కమంటే మాత్రం తొక్కదు.

పట్టణంలో కాపరం పెట్టినంతమాత్రాన పల్లెటూరి దేవతలు మనల్ని వదిలిపెట్టరు. ఈ ఊరి గ్రామదేవత సోమాలమ్మ. ఊరు పురపాలక సంఘమయింది, నగరమయింది, 2015లో రాజమండ్రి అన్న పేరు తీసేసి పాతపేరే మళ్ళీ పెట్టుకుంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తూర్పుగోదావరికి ముఖ్యపట్టణం కూడా అయింది. ఎన్ని అయినా జనం నోట ఆవిడ గ్రామదేవతే. భీమవరంలో సంక్రాంతి రోజుల్లో మావుళ్ళమ్మకూ, పెద్దాపురంలో ఆషాఢమంతా మరిడమ్మకూ, ఏలూరులో ఏడేళ్ళకోసారి గంగానమ్మకూ జాతరలు జరుగుతూనే ఉన్నాయి. గరగలు నెత్తిన పెట్టుకుని ఆడేవాళ్ళు సిమెంటు రోడ్లమీదే ఆడుతున్నారు. జంతుబలులు కూడదని 1950లోనే చట్టం వచ్చింది. అది వచ్చాక కోడికి బదులు గుమ్మడికాయ కొట్టి సరిపెట్టుకున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అమ్మవారు కోపగించుకున్నట్టు ఎక్కడా కనపడదు.

ఇవన్నీ ఊరుమ్మడి దేవతల సంగతి. ఇంటింటికీ ఉండే వేల్పుల సంగతి వేరు. అది పైకి కనపడదు. మా ఇంట్లో జరిగిన సంగతి చెబితేగాని అది బోధపడదు.

మా స్వగ్రామం కోనసీమలో, అమలాపురానికి దగ్గరలో ఉన్న ఒక పల్లెటూరు. అక్కడ మాకొక మండువా లోగిలి ఉండేది. అన్నదమ్ములం తలోచోటా స్థిరపడ్డాం. ఇంటికి పై పెంకులు నేయించే నాథుడు లేడు. కిందటేడు అమ్మేశాం. రిజిస్ట్రేషను ముగించుకుని నేను ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని కూర్చోగానే, ఎనభైమూడేళ్ళ మా అమ్మ ఒకేఒక్క ప్రశ్న వేసింది.

"ఇల్లు అమ్మితే అమ్మారు. వాణ్ణేం చేస్తార్రా?"

వాడంటే మా అన్నయ్య. నేను పుట్టకముందే పోయాడు. అప్పటికి ఏడాదిన్నరవాడు. వాడికి పేరంటూ ఒకటి పెట్టారు గాని ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పలకగా నేను వినలేదు. "బాబు" అనే అనేవారు. పాత ఇంట్లో కొట్టుగదికి ఈశాన్యమూల ఒక గూడుండేది. ఆ గూటిలో గోడకు పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టి, చిన్న వెదురుబుట్టలో ఒక విభూతిపండు ఉంచేవారు. అదే మా ఇంటి వీరుడు.

గోదావరి జిల్లాలవారికి ఇది కొత్త కాదు గాని తక్కినవారికోసం చెబుతున్నాను. ఇక్కడ చాలా కుటుంబాల్లో పెళ్ళికాకుండా పోయిన మగపిల్లవాడు వీరుడవుతాడు. ముత్తైదువగా పోయిన ఆడపడుచో, కోడలో పేరంటాలవుతుంది. ఇంట్లో పెళ్ళి తలపెడితే ముందుగా పేరంటాలికి చీరె పెట్టాలి. వీరుడికి సంబరం చెయ్యాలి. విభూతిని పండులాగా ముద్దచేసి, దాన్నే వీరుడుగా భావించి, డోలూ సన్నాయీతో గోదావరికి తీసుకుపోయి స్నానం చేయించి తీసుకువస్తారు. ముందు వీరభద్రుడి ఖడ్గాలు చదువుతూ, వీరనాట్యం చేస్తూ మనుషులు నడుస్తారు. కొందరు నారసాలు పొడుచుకుంటారు. చిన్నప్పుడు అవి చూసి నేను జడిసి అమ్మ కొంగులో దాక్కున్నాను.

ఇది శాస్త్రంలో ఉన్నదేనా అని మా తమ్ముడు హైదరాబాదునుంచి ఫోనులో అడిగాడు. శాస్త్రంలో లేకపోవటంవల్లనే ఇది పుట్టి ఉంటుందని నాకు తోస్తుంది. రెండేళ్ళు నిండని బిడ్డ పోతే దహనం లేదు, నీళ్ళు వదలటం లేదు, పూడ్చిపెట్టి రావలసిందేనని మనుస్మృతి చెబుతోంది. తండ్రికి తద్దినముంది, తాతకు తద్దినముంది. ఏడాదిన్నర పిల్లవాడికి ఏమీ లేదు. శాస్త్రం అక్కడ ఊరుకుంది, తల్లి ఊరుకోలేకపోయింది. ఆ ఖాళీలోనే ఇంటి గూడు వెలిసింది.

సరే, పల్లెటూరి గోడలోని వీరుణ్ణి పట్టణపు మేడలోకి తీసుకురావటం ఎల్లాగ? తెలిసినవాళ్ళను అడుగుదామని ద్రాక్షారామం ప్రయాణమయ్యాం. రాజమహేంద్రవరానికి అది సుమారు యాభై కిలోమీటర్లు. కడియంలో రోడ్డుకిరువైపులా పూలమొక్కల తోటలు; అవి దాటితే మండపేట, రామచంద్రపురం, కనుచూపుమేరా వరిచేలు, పక్కనే కాలవ. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ కాలవలే ఈ సీమకు అన్నం పెట్టాయి. అమ్మ కారు కిటికీలోంచి చూస్తూ, "ఇప్పుడు పడవలు పోవటం లేదు కాబోలు" అంది. నేను పట్టించుకోలేదు. ఆ మాట ఎందుకందో నాకు తరువాతగాని తెలియలేదు.

ద్రాక్షారామం అంటే దక్షారామమనీ, దక్షుడు యజ్ఞం చేసిన చోటు ఇదేననీ ఇక్కడివారి నమ్మకం. భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల ఎత్తు. కింద పాదాలకు దణ్ణం పెట్టి, పైకెక్కి శిరస్సు చూడాలి. పంచారామాల్లో ఒకటైన ఈ ఆలయం తూర్పు చాళుక్యుల కాలపు కట్టడం. శ్రీనాథుడు ఈ స్వామి మీదే భీమేశ్వర పురాణం చెప్పాడు. దక్షయజ్ఞంలో సతీదేవి ఆహుతైన వార్త విని శివుడు జడ పెరికి నేలకు కొడితే వీరభద్రుడు పుట్టాడని కథ. ఆ వీరభద్రుడే దక్షుడి తల నరికి, ఆపైన తన పట్టిసాన్ని గోదావరిలో కడుక్కున్న చోటు పట్టిసీమ అంటారు. ఏటి నడుమ లంకలో, కొండమీద, అక్కడా వీరభద్రుడి గుడే. అటు కోనసీమలో మురమళ్ళలో వీరేశ్వరస్వామికి నిత్యం కల్యాణమే. ఈ డెల్టా అంతా ఆయన రాజ్యమని చెప్పవచ్చు.

అక్కడ తాతలనాటినుంచీ వీరనాట్యం చేసే ఇంటివాడైన ఒక ముసలాయన్ని కలుసుకున్నాం. అమ్మ సంగతంతా చెప్పింది. ఆయన తొందరపడకుండా విని, చుట్ట పక్కన పెట్టి ఇల్లా అన్నాడు:

"వీరభద్రుడంటే కోపమనుకుంటారమ్మా జనం. కాదు. పెళ్ళాం పోతే శివుడంతటివాడు ఏడవలేకపోయాడు. ఏడవలేక జడ పెరికి నేలకు కొట్టాడు. ఆ ఏడుపే వీరభద్రుడు. అందుకే పిల్లలు పోయినవాళ్ళు ఆయన దగ్గరికి వస్తారు."

"మరి మేడమీద పెట్టుకోవచ్చునా నాయనా? నేల లేదు, గోడలో గూడు లేదు."

"మీ ఇంట్లో కేలండరు తగిలించుకోటానికి చోటుందా?"

"ఉంది."

"అయితే వాడికీ చోటుందమ్మా. దీపం పట్టేంత చాలు. కాని పిలుచుకుని రండి. సామాను తెచ్చినట్టు తేకండి. కాలవ వచ్చినా, వంతెన వచ్చినా చెప్పండి. పిల్లాడు కదా, దారి తెలియదు."

ఆయన రూపాయి అడగలేదు. సంబరం రోజున మేళానికి ఇంత, దారిఖర్చు ఇంత అని లెక్క మాత్రం చెప్పాడు. అది న్యాయమైన లెక్క.

ఇంతటితో సరిపోయేది. కాని మా దూరపు బంధువొకరు, "ఇల్లాంటివి మామూలువాళ్ళతో కావు, ఊళ్ళో ఒక మహానుభావుడున్నాడు" అని పట్టుపట్టారు. కాదనలేక వెళ్ళాం. చల్లటి గది, గాజుబల్ల, బల్లమీద అచ్చువేసిన కార్డులు, మూలన ఒక పుర్రెబొమ్మ. ఆయన అమ్మ చెయ్యి చూడలేదు, మా మాటలు సగం కూడా వినలేదు. కళ్ళు మూసుకుని, "మీ ఇంటి వీరుడు ఉగ్రంగా ఉన్నాడు. చోటు కదిలించారు. ఎవరో చిల్లంగి కూడా పెట్టారు. మీ మనవడికి గండం ఉంది" అని, నలభైవేల రూపాయల శాంతి చెప్పాడు. నా గుండె ఝల్లుమన్న మాట దాచను. చదువుకున్నవాణ్ణే, ముప్ఫయ్యేళ్ళు ఉద్యోగం చేసినవాణ్ణే. మనవడి పేరెత్తేసరికి చెయ్యి జేబుమీదికి వెళ్ళింది.

అమ్మ లేచి నిలబడింది.

"వాడికి ఏడాదిన్నర. పాలడిగేవాడు, ఎత్తుకోమనేవాడు. ఉగ్రమంటే ఏమిటో వాడికి తెలియదు. పదరా అబ్బాయీ."

ఇంటికి వస్తూ, కంబాలచెరువు దగ్గర కారు ఆగినప్పుడు, అరవై ఏళ్ళకు పైగా మాకెవరికీ చెప్పని సంగతి అమ్మ చెప్పింది.

1962 వేసవి. బాబుకు నీళ్ళవిరేచనాలు పట్టుకున్నాయి. ఊళ్ళో ఒక మంత్రగాడుండేవాడు. గాలి సోకిందన్నాడు. వేపమండలతో దిగదుడిచాడు, మెళ్ళో అంత్రం కట్టాడు. "నీళ్ళు మాత్రం ఇవ్వకండి, ఇస్తే ఇంకా ఎక్కువవుతాయి" అన్నాడు. పెద్దవాళ్ళందరూ అదే అన్నారు. అమ్మకు ఇరవై ఏళ్ళు. అత్తగారి మాట జవదాటే రోజులు కావవి. "రెండు రోజులు చెంబు కేసి చెయ్యి చూపించి ఏడ్చాడురా. నేను చెంబు కొంగుచాటున దాచాను" అంది అమ్మ. మూడోనాడు పడవమీద అమలాపురం తీసుకుపోయారు. డాక్టరుగారు చూసి, నిన్న తెచ్చినా బాగుండేదన్నారు. తిరుగు పడవలో బిడ్డను ఒళ్ళో కప్పిపెట్టుకుని వచ్చింది.

విరేచనాలయ్యే బిడ్డకు నీళ్ళే ప్రాణమని ఈనాడు ఆశా కార్యకర్త ఇంటింటికీ వచ్చి చెబుతోంది. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు ఎంతటి మందో, 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో డాక్టరు దిలీప్ మహలనాబిస్ చూపించాక లోకానికి బాగా తెలిసింది. మా ఇంటికి ఆ తెలివి తొమ్మిదేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

అప్పుడు నాకొక సంగతి తట్టింది. పాత ఇంట్లో రోజూ రాత్రి పడుకోబోయేముందు అమ్మ ఆ గూటిలో చిన్న చెంబుతో నీళ్ళు పెట్టేది. పొద్దున్నే తులసికోటలో పోసేది. అది కూడా వీరుడి పూజలో భాగమే అనుకున్నాం మేమంతా. ఏ ఇంట్లోనూ అల్లాంటి ఆచారం లేదని ఆ రోజుదాకా నాకు తెలియదు. అది ఆచారం కాదు. అది అమ్మ.

ఈ ఊళ్ళోనే పుట్టిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో వివేకవర్ధని పెట్టి ఇల్లాంటి మోసాలమీద కత్తి కట్టారు. 1878లో రాసిన రాజశేఖర చరిత్రములో, ధవళేశ్వరం పెద్దమనిషిని బంగారం చేసిపెడతానని ముంచిన బైరాగిని మనకు చూపించారు. ఆ బైరాగి చావలేదు. అప్పట్లో బూడిద పూసుకునేవాడు, ఇప్పుడు గాజుబల్ల వేసుకున్నాడు. మహిమగల తాయెత్తులతో రోగాలు కుదురుస్తామని ప్రకటించటం నేరమని 1954 నుంచీ చట్టముంది. చట్టం సంగతి అల్లా ఉంచి, మంచి గుర్తు ఒకటి అమ్మ చెప్పింది: "ప్రేమగా పిలవమన్నవాడి మాట విను. భయపెట్టినవాడి గడప దిగు." పంతులుగారు బతికుంటే మా అమ్మ గూటిని ఒప్పుకునేవారో లేదో గాని, ఆ ఒక్క మాటమాత్రం తప్పక మెచ్చుకునేవారు.

అమ్మ చేసేది ఎక్కడా లేని విడ్డూరమనుకోనక్కరలేదు. జపానులో, పుట్టకముందో పుట్టిన కొత్తలోనో పోయిన బిడ్డలకోసం జిజో అనే బోధిసత్త్వుడి చిన్న చిన్న రాతిబొమ్మలు నిలిపి, మెడలో ఎర్రటి గుడ్డలు కడతారు. మెక్సికో దేశంలో నవంబరు మొదటి తేదీ పోయిన పిల్లల పండుగ. బంతిపూలూ మిఠాయిలూ పెట్టి, దూరంనుంచి వచ్చేవాళ్ళకు దాహం వేస్తుందని గ్లాసుతో నీళ్ళు కూడా ఉంచుతారు. ఈ మాట చెబితే అమ్మ చాలాసేపు ఊరుకుని, "వాళ్ళకూ తెలుసన్నమాట" అంది.

మాఘమాసంలో మంచిరోజు చూసుకుని కోనసీమ వెళ్ళాం. కొన్న ఆసామీ మంచివాడు. గూటిని కదిలించలేదు సరికదా, దీపం పెట్టించి ఉంచాడు. అమ్మ బుట్ట ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. మొదటి కాలవ రాగానే, "బాబూ, కాలవ వచ్చింది, దాటుతున్నాం, రా నాయనా" అంది. డ్రైవరు కుర్రవాడు నావైపు చూశాడు. రెండో కాలవ దగ్గర బండి కొంచెం నిదానించాడు. కొత్తపేట దాటి రావులపాలెం వచ్చేసరికి, అమ్మకంటె ముందు వాడే, "మామ్మగారూ, గౌతమి వంతెన వస్తోందండి, చెప్పండి" అన్నాడు. ధవళేశ్వరం దగ్గర చీలిన గోదావరి పాయల్లో ఇది పెద్దది. వంతెన పొడుగునా అమ్మ చెబుతూనే ఉంది. "గోదారి దాటుతున్నాం, రా. ఈసారి పడవ కాదు, కారు. జడుసుకోకు. రా." వెనక సీట్లో నేను కిటికీకేసి తిరిగి కూర్చున్నాను.

మర్నాడు తెల్లవారుజామున కోటిలింగాల రేవులో సంబరం. ద్రాక్షారామం ముసలాయన ఇద్దరు మనవలతో వచ్చాడు. నారసాలు వద్దన్నాం, ఆయన మారుమాటాడలేదు. డోలు మోగింది, సన్నాయి అందుకుంది, ఖడ్గాలు చదివారు. ఆ గొంతుకు ఏటి అవతల లంక బదులు పలికినట్టనిపించింది. నీళ్ళు చల్లగా, పొగమంచులో పాలలాగా ఉన్నాయి. అమ్మ మోకాలిలోతు దిగి విభూతిపండుకు దోసిలితో నీళ్ళు చల్లింది. లెక్కలేదు, మంత్రం లేదు. చల్లుతూనే ఉంది. ముసలాయన ఆపమనలేదు. డోలు మాత్రం నెమ్మదింపించాడు. అంతలో 1974లో కట్టిన రోడ్డు-రైలు వంతెన మీదుగా ఒక బండి పోయింది. కిటికీల్లోంచి చేతులు బయటికి వచ్చి గోదావరిలోకి డబ్బులు విసిరాయి. ఆ చేతుల్లో కంప్యూటరు ఉద్యోగులవి ఎన్నో, కాలేజీ పిల్లలవి ఎన్నో ఎవరు చెప్పగలరు?

ఇక మేడ సంగతి. సంఘం కార్యదర్శిగారికి నేను ముందుగానే చెప్పుకున్నాను. ఆయన చాలా మర్యాదస్థుడు. "పూజకు అభ్యంతరం లేదు మాస్టారూ. కాని డోలు వద్దు, సాంబ్రాణి ఎక్కువైతే అలారం మోగుతుంది, పదోతరగతి పిల్లలకు పరీక్షలు" అన్నారు. సబబైన మాటే. డోలూ సన్నాయీ రేవులోనే సెలవు తీసుకున్నాయి. మేం చప్పుడు లేకుండా వచ్చాం. కాని లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి బుట్ట చూసి ఇద్దరు పెద్దమనుషులు పక్కకు తప్పుకుని, "మీరు పదండి" అని తాము మెట్లెక్కి వచ్చారు. ఎక్కటమే కాదు, మా గుమ్మంలోకి వచ్చి చెప్పులు విప్పారు.

ఒక గంటలో మా వరండా నిండిపోయింది. చలివిడి, వడపప్పు, పానకం చేసినవి చేసినట్టే ఖాళీ. రెండో అంతస్తు భీమవరంవారి కోడలు మెల్లిగా అంది: "మాకూ ఒక పేరంటాలుందండి. మా మామగారి అప్పచెల్లెలు. చీరె ఇనపబీరువాలో పెట్టుకున్నాం. ఎవరైనా నవ్వుతారని చెప్పుకోలేదు." మూడో అంతస్తావిడ, "మా వీరుడి బొమ్మ ఫ్రిజ్జు వెనకాల ఉంది" అంది. ఎదురింటి వైద్యురాలు, పిల్లల డాక్టరమ్మ, ఏమీ అనలేదు. కార్యదర్శిగారి తల్లి మాత్రం ఏడ్చింది. పదేళ్ళుగా ఒక మెట్లమీద ఎక్కిదిగుతూ, నీళ్ళ బిల్లుకూ కారు నిలిపే చోటుకూ తగాదాలాడుకున్నవాళ్ళం. ఒక్కొక్క తలుపు వెనకా ఒక్కొక్క పోయిన బిడ్డ, పోయిన ఆడపడుచు. ఆ రోజుదాకా ఒకరికొకరం చెప్పుకోలేదు.

అప్పుడే ఎవరో పోలి కథ ఎత్తారు. కార్తికం వెళ్ళిన మర్నాడు పాడ్యమినాడు అరటిదొప్పల్లో దీపాలు వదిలేటప్పుడు మన ఆడవాళ్ళు చెప్పుకునే కథే. అత్తగారు తక్కిన కోడళ్ళను వెంటబెట్టుకుని ఏటికి పోయింది. చిన్నకోడలు పోలిని ఇంట్లో ఉంచి, ప్రమిదా నూనే దాచేసింది. పోలి చల్ల చిలికిన కవ్వానికంటిన వెన్న తీసి, రాలిన పత్తితో వత్తి చేసి, దీపం పెట్టి బుట్ట బోర్లించింది. స్వర్గానికి పోయింది పోలే. పట్టణంలో ఉన్నవాళ్ళందరం పోలి తోడికోడళ్ళం కాము, పోలి వారసులం. ఏరు దూరం, నేల లేదు, డోలు మోగకూడదు. ఉన్నదాంతోనే దీపం పెట్టుకోవాలి. ఈనాడు అయిదో అంతస్తులో తొట్టిలో నీళ్ళు పోసి దొప్పలు వదిలే ఇల్లాలిని చూసి నవ్వేవాళ్ళు ఈ కథ మళ్ళీ ఒకసారి వినాలి.

అందరూ వెళ్ళబోయేటప్పుడు డాక్టరమ్మ అమ్మ దగ్గర కూర్చుని, "పిల్లలకు విరేచనాలైతే నీళ్ళివ్వద్దనే మాట నేను ఇప్పటికీ వింటూనే ఉన్నానండీ మామ్మగారూ. ఎంత చెప్పినా కొందరు వినరు. మీ మాటైతే వింటారు" అంది. ఆ వారంలో డాక్టరమ్మ ఆసుపత్రి వరండాలో, చంటిపిల్లల్ని ఎత్తుకుని కూర్చున్న తల్లుల మధ్య, మా అమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది. ఏం చెప్పిందో నేను వినలేదు. అప్పటినుంచీ నెలకొకసారి వెళ్ళివస్తోంది. అరవై ఏళ్ళు దాచుకున్న మాటకు ఇప్పుడు పని దొరికింది.

వంటగదికీ హాలుకీ మధ్య, కేలండరు తీసేసినచోట, చిన్న చెక్క అర కొట్టించాం. గోడకు పసుపు పూస్తే రంగు పోతుందని మా కోడలు ఒక పీటకు పసుపు పూసి ఆనించింది. బుట్ట అందులో కూర్చుంది. రాత్రి పదింటికి అమ్మకు కళ్ళు కూరుకుపోతుంటే, మా అయిదేళ్ళ మనవడు స్టీలు గ్లాసుతో నీళ్ళు పట్టుకుని వచ్చాడు.

"ఎవరికిరా?" అన్నాను.

"పెదతాతకి. దాహం వేస్తుందిట. ముత్తమ్మమ్మ చెప్పింది." అని, కాళ్ళెత్తి అరమీద పెట్టి, కాసేపు బుట్టకేసి చూసి, "తాతా, పెదతాత నాకంటె చిన్నవాడా?" అని అడిగాడు.

"అవును నాయనా. నీకంటె చాలా చిన్నవాడు."

"అయితే గ్లాసు ఒలకబోసుకుంటాడు" అని, సగం నీళ్ళు తాను తాగి, సగం ఉంచి, పడుకోటానికి వెళ్ళిపోయాడు.